"సాధారణంగా" అనే ముందు ఒక్క క్షణం

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. ఆరు పేజీల్లో "సాధారణంగా" పందొమ్మిదిసార్లు వచ్చింది. పెన్సిలుతో సున్నాలు చుట్టి పంపుతున్నాను, లెక్క చూసుకో. దానికి తోడు "సాధారణంగా చెప్పాలంటే" నాలుగు, "మొత్తం మీద" ఏడు, "చాలావరకు" అయిదు. మామిడితోటలైనా గంగజాతరైనా తిరుపతి వానలైనా, పేరా ఎత్తుకోవడం వీటిలో ఒకదానితోనే. ఇంగ్లీషు వ్యాసాలు చదివి ఆ పద్ధతి పట్టుకున్నానని రాశావు. చదవడం మంచిదే. కానీ ఆ మాటలు ఇంగ్లీషులో ఏ పని చేస్తాయో చూడకుండా మాటల్ని మాత్రం మోసుకొచ్చావు. వ్యాసంలో మిగతా లోపాలు చిన్నవి, వాటిని అంచుల్లో రాశాను. ఈ ఉత్తరమంతా ఈ ఒక్క విషయం మీదే.

నలుగురికీ వర్తించేలా ఏ మాట అన్నా, దాని వెనక ఎక్కడో ఒక మినహాయింపు ఉంటుంది. అన్నిసార్లూ అట్లా జరగదు, లేదా అందరూ అట్లా చెయ్యరు, లేదా అంతా అట్లా ఉండదు. ఈ మూడూ వేరువేరు సంగతులు. ఇంగ్లీషును బాగా రాసేవాళ్ళు వాక్యం ముందు పెట్టే ఆ చిన్న మాటతో మినహాయింపు ఏ వైపున ఉందో చూపిస్తారు. మనం మాత్రం అన్నిటికీ కలిపి ఒకే "సాధారణంగా" అని పెట్టేస్తాం. ఎవరైనా తప్పు పడితే "నేను అందరూ అనలేదే" అని తప్పించుకోవడానికి అది పనికొస్తుంది. చదివేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. "యూజువల్లీ" సార్ల లెక్క. పదిసార్లు చూస్తే ఎక్కువసార్లు అట్లా జరిగిందని దాని అర్థం. "యాజ్ ఎ రూల్" కూడా సార్లకు చెందిందే, కాకపోతే వెనక ఒక అలవాటో కట్టుబాటో ఉన్న వాసన వేస్తుంది. రాత్రిపూట అన్నం ముట్టని మనిషి గురించి చెప్పడానికి అది సరిగ్గా అతుకుతుంది. "మోర్ ఆఫెన్ దాన్ నాట్" అంటే సగంకన్నా ఎక్కువసార్లు, అంతవరకే. దాన్ని "దాదాపు ఎప్పుడూ" అన్న అర్థంలో వాడితే పొరపాటు. "నైన్ టైమ్స్ ఔట్ ఆఫ్ టెన్" అంకెలా కనబడుతుంది కానీ ఎవరూ లెక్కపెట్టి చెప్పింది కాదు. మన "నూటికి తొంభై" లాంటిదే. నిజంగా లెక్కపెట్టిన చోట ఈ రెండూ వాడకూడదు, అసలు అంకె వెయ్యాలి.

"ఫర్ ద మోస్ట్ పార్ట్", "మోస్ట్లీ" అనేవి భాగాల లెక్క. ఒకే వస్తువులో, ఒకే ఊళ్ళో, ఒకే పొలంలో ఎక్కువ భాగం ఇట్లా ఉంది, కొంత భాగం వేరేగా ఉంది అని. "టిపికల్లీ" అన్నప్పుడు ఒక నమూనాను ముందు పెడుతున్నాం: ఈ జాతికి చెందినదాన్ని ఒకదాన్ని తీస్తే ఇట్లా ఉంటుంది అని. ఎన్ని అట్లా ఉన్నాయన్నది దానికి రెండో విషయం.

"నార్మల్లీ" కథ వేరు. అది పరిస్థితిని పట్టుకుంటుంది. తిరుమలకు ఎక్కే బస్సులు నార్మల్లీ రెండో ఘాట్‌రోడ్డులో వెళ్తాయి, దిగేవి మొదటిదాంట్లో వస్తాయి అని ఇంగ్లీషులో రాశావనుకో. చదివేవాడు వెంటనే తర్వాతి వాక్యంలో "కానీ" కోసం చూస్తాడు. కొండచరియలు విరిగిపడ్డాయా, దారి మళ్ళించారా అని. నువ్వు ఆ "కానీ" రాయకపోతే ఏదో చెప్పబోయి ఆపేసినట్టు ఉంటుంది. అట్లాంటి మలుపు ఏదీ లేనప్పుడు "నార్మల్లీ" తీసేసి ఊరికే వర్తమానంలో చెప్పేస్తే సరిపోతుంది.

"ఆన్ ద హోల్" తక్కెడ లాంటిది. మంచి ఒకవైపు, చెడు ఒకవైపు వేసి చూశాక ముల్లు ఎటు మొగ్గిందో చెబుతుంది. కాబట్టి దానికి ముందు మంచీ చెడూ రెండూ వచ్చి ఉండాలి, కనీసం చదివేవాడికి తెలిసి ఉండాలి. నువ్వు పెట్టిన ఏడు "మొత్తం మీద"లలో అయిదు పేరా మొదటి వాక్యంలోనే ఉన్నాయి. ఇంకా తూకం వెయ్యకుండానే ముల్లు చూపించావు. మన "మొత్తం మీద" కూడా తూకం తర్వాతి మాటే, దాని తావు పేరా చివర. "మొత్తానికి" అన్నది దీని తమ్ముడిలా కనబడుతుంది కానీ పని పూర్తిగా వేరు. "మొత్తానికి వచ్చాడు" అంటే ఎదురుచూసి ఎదురుచూసి చివరికి వచ్చాడని. మూడో పేజీలో ఆ రెండూ తారుమారయ్యాయి.

ఇక నీకు బాగా నచ్చినట్టున్న "బై అండ్ లార్జ్". అది ఓడ నడిపేవాళ్ళ మాట. తెరచాప ఓడ గాలికి వీలైనంత ఎదురుగా ఒరుసుకుంటూ పోవడం ఒక పద్ధతి, గాలిని వెనక పెట్టుకొని పోవడం ఇంకో పద్ధతి. మొదటిదాని గుర్తు "బై", రెండోదాని గుర్తు "లార్జ్". రెండు రకాల గాలిలోనూ బాగా నడిచే ఓడను ఆ జంటమాటతో మెచ్చుకునేవాళ్ళు. అక్కడినుంచి, చిన్నచిన్న తేడాలు ఎన్ని ఉన్నా పెద్ద బొమ్మ ఇదీ అనే అర్థానికి వచ్చింది. వివరాలు నాకు తెలుసు, వాటిని పక్కన పెట్టి చెబుతున్నాను అని రాసేవాడు అందులో ఒప్పుకుంటున్నాడు. మనకు ఈ పని చేసిపెట్టే మాట "స్థూలంగా". అది పుస్తకం మాట, అతిగా వాడితే పంటికింద రాయి.

"జనరల్లీ" వీటన్నిటిలోకీ వదులైనది. సార్లకూ, మనుషులకూ, భాగాలకూ దేనికైనా సరిపోతుంది. అందుకే ఏదీ గట్టిగా చెప్పదు. "జనరల్లీ స్పీకింగ్" అంటే చెప్పే తీరు గురించి ఒక మాట: నేను పైపైన చెబుతున్నాను సుమా అని. వ్యాకరణం ప్రకారం ఆ "స్పీకింగ్" ఎవరిదో వాక్యంలో కర్త ఉండడు. అయినా అది వాడుకలో గట్టిపడింది కాబట్టి ఇంగ్లీషువాళ్ళు ఒప్పుకుంటారు. ఆ ధైర్యంతో "వాకింగ్ డౌన్ ద రోడ్" అని మొదలుపెట్టి, కామా పెట్టి, గుడి కనబడింది అని ముగించకు. గుడి నడిచొచ్చినట్టవుతుంది.

ఇప్పుడు దాన్ని తెలుగులోకి తెచ్చి "సాధారణంగా చెప్పాలంటే" అన్నావు కదా. మన చెవికి "చెప్పాలంటే" అన్నది వేరే రాగం. "నిజం చెప్పాలంటే", "ఒక్క మాటలో చెప్పాలంటే", "సూటిగా చెప్పాలంటే". అన్నిట్లోనూ ముందున్న మాట ఎట్లా చెబుతున్నానో చెబుతుంది. దాంతో "సాధారణంగా చెప్పాలంటే" అనగానే ఆడంబరం లేకుండా చెబితే అన్న అర్థం వినబడుతుంది. నువ్వనుకున్నది అది కాదు. ఆ నాలుగూ కొట్టేశాను.

ఈ మాటల్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయమేం కాదు. ఇంగ్లీషులో వాక్యం మొదట పెట్టి కామా పెడితే వాక్యమంతటికీ పడుతుంది, క్రియ పక్కన పెడితే క్రియకే పడుతుంది. "నార్మల్లీ" ముందు పెట్టి, కామా పెట్టి, అతను మాట్లాడలేదు అంటే మామూలు రోజుల్లో నోరు విప్పేవాడు కాదని. అదే "నార్మల్లీ"ని చివర పెడితే అతని మాట తీరు తేడాగా ఉందని. తెలుగులో కామా మనల్ని ఆదుకోదు. "ఆయన మామూలుగా మాట్లాడడు" అన్న వాక్యాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. మితభాషి అని ఒకటి, వంకరగా మాట్లాడతాడని ఇంకొకటి. ఇట్లాంటి చోట "మామూలుగా"ను మొదటికి లాగి "మామూలుగా ఆయన పెద్దగా మాట్లాడడు" అంటే గొడవ తీరిపోతుంది.

ఇక తెలుగు సంగతి. దీన్ని కాస్త నిదానంగా చదువు. మనకు సాధారణీకరణ చెయ్యడానికి ముందుమాట అక్కర్లేదు, క్రియే చేస్తుంది. "పల్లెల్లో సంగటిలోకి ఊరిబిండి నూరుతారు." అంతే. ఈ "నూరుతారు"లో అలవాటు ఉంది, నలుగురూ ఉన్నారు, ఎప్పుడూ ఉంది. దాని ముందు "సాధారణంగా" పెడితే కొత్తగా చేరేదేమీ లేదు. "నూరుతుంటారు" అంటే ఇంకొంచెం సడలుతుంది, అప్పుడప్పుడూ అన్న నీడ పడుతుంది. మన పక్క మాట్లాడేటప్పుడు "నూరతా ఉంటారు" అంటాం, అదీ ఇదే. పాతకాలం గురించైతే "నూరేవాళ్ళు". ఇంగ్లీషులో "టెండ్ టు" అని ఒకటుంది, దాన్ని చాలామంది "మొగ్గు చూపుతారు" అని తెలిగిస్తున్నారు. "జనం మరచిపోవడానికి మొగ్గు చూపుతారు" అంటే ఎవరైనా కావాలని మరచిపోతారా? "మరచిపోతుంటారు" అంటే పనైపోయింది. "ఇట్ ఈజ్ కామన్ ఫర్" అన్నదానికి "మామూలే", "పరిపాటి", "ఆనవాయితీ" ఉన్నాయి. కాకపోతే ఆనవాయితీ అంటే పెద్దల నుంచి వచ్చింది, పరిపాటి అంటే ఊరికే అలవాటైపోయింది. దొంగతనాలు ఆనవాయితీ అని రాయకు.

అయితే మన క్రియలో ఒక చిక్కుంది. "వేస్తారు" అన్నది అలవాటుకూ అదే, రేపటికీ అదే. "జాతరలో వేషాలు వేస్తారు" అంటే ఎప్పుడూ వేస్తారని. "ఈసారి జాతరలో వేషాలు వేస్తారు" అంటే వెయ్యబోతున్నారని. చుట్టూ ఉన్న మాటలు ఏ సంగతీ తేల్చనప్పుడే కాలం మాట అవసరమవుతుంది. అప్పుడు కూడా "సాధారణంగా"కన్నా "ఏటా", "ప్రతి శుక్రవారం", "కాపు దిగేటప్పుడు" లాంటి ఖచ్చితమైన మాట ఉంటే అదే పెట్టు. ఇంగ్లీషులో ఈ చిక్కు లేదు, వాళ్ళకు వర్తమానం వేరు, భవిష్యత్తు వేరు. వాళ్ళకున్న చిక్కు మనవాళ్ళు ఇంగ్లీషు రాసేటప్పుడు బయటపడుతుంది. "పండిస్తున్నారు" అన్న ఊపులో "ఆర్ గ్రోయింగ్" అని రాస్తారు. దానికి ఇప్పుడు, తాత్కాలికంగా అన్న అర్థం వస్తుంది. ఎప్పుడూ జరిగే సంగతైతే "గ్రో" అంటే చాలు. అట్లాగే "ద ఫార్మర్స్" అంటే ముందే చెప్పిన ఫలానా రైతులు. రైతులందరి గురించీ అయితే "ద" తీసెయ్యాలి. "మోస్ట్ ఫార్మర్స్" అంటే రైతుల్లో ఎక్కువమంది. "మోస్ట్ ఆఫ్ ద ఫార్మర్స్" అంటే ఆ ఫలానా రైతుల్లో ఎక్కువమంది. "మోస్ట్ ఆఫ్ ఫార్మర్స్" అన్నది ఏదీ కాదు.

నీ వాక్యం ఒకటి తీసుకొని ఊడదీద్దాం. "సాధారణంగా చిత్తూరు జిల్లా రైతులు ఎక్కువగా మామిడిని పండిస్తూ ఉంటారు."

ఇందులో మూడు సడలింపులున్నాయి. "సాధారణంగా" ఒకటి, "ఎక్కువగా" రెండు, "పండిస్తూ ఉంటారు" మూడు. ఒకే గోడకు మూడు ఊతకర్రలు. మొదటిదీ మూడోదీ తీసేద్దాం. "చిత్తూరు జిల్లా రైతులు ఎక్కువగా మామిడి పండిస్తారు." ఇప్పుడు ఆ "ఎక్కువగా" దేనికి పడుతోంది? రైతుల్లో ఎక్కువమందా, భూమిలో ఎక్కువ భాగమా, మిగతా పంటలకన్నా ఎక్కువ టన్నులా? మూడింటికీ జవాబులు వేరుగా ఉండొచ్చు. పదిమందిలో ఇద్దరికే తోటలుండి, ఆ ఇద్దరి తోటలే సగం భూమిలో ఉండొచ్చు. నీ దగ్గర లెక్క లేదు కాబట్టి మూడూ చెప్పలేవు. ఇంకోటి, మామిడి వేరుశనగలా ఏటా విత్తేది కాదు. ఒకసారి తోట పెడితే ఏళ్ళ తరబడి కాపు తీసుకుంటారు. "పండిస్తారు" అన్న క్రియే ఇక్కడ వదులు.

నీకు నిజంగా తెలిసిందేమిటి? నీ వ్యాసంలోనే కింద ఉంది: మన పక్క తోటల్లో తోతాపురి ఎక్కువ, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేది అది. అయితే వాక్యం ఇట్లా కావాలి: "చిత్తూరు పక్క మామిడితోటల్లో ఎక్కువ భాగం తోతాపురి. ఊళ్ళల్లో దాన్ని బెంగళూరా అంటారు. గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు పోయేది అదే. ఇంట్లో కోసుకు తినడానికైతే బేనీషా వెతుక్కుంటారు." చూడు, "భాగం" అన్న ఒక్క మాట మినహాయింపు ఎక్కడుందో చెప్పేసింది. తోటల్లో మిగతా భాగం వేరే రకాలు. రెండో వాక్యానికీ చివరిదానికీ ముందుమాటే లేదు, క్రియలే మోశాయి. "సాధారణంగా" పోయింది, ఎవరికీ కొరత తెలియలేదు.

"చిత్తూరు జిల్లా" అన్నావు, అది కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఆ రోజునుంచి తిరుపతి, శ్రీకాళహస్తి కొత్త తిరుపతి జిల్లాలో ఉన్నాయి. మదనపల్లె అప్పుడు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. అంతకుముందు పుస్తకాల్లో "చిత్తూరు జిల్లా టమోటా" అని చదివి ఇప్పటి జిల్లాకు అంటిస్తే మదనపల్లె మండీ జారిపోతుంది. తిరుపతి జిల్లాకు సముద్రం లేదనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. సూళ్ళూరుపేట, శ్రీహరికోట వచ్చి కలిశాక ఆ మాట చెల్లదు. ఒక చోటు గురించి గంపగుత్తగా చెప్పేటప్పుడు ఆ చోటు గీత ఎక్కడుందో, ఏ ఏడాది గీతో ముందు తేల్చుకోవాలి. గీత తేలకపోతే "జిల్లా" అనకుండా "పక్క", "ప్రాంతం" అను, తప్పు లేదు.

వానల పేరాలో తప్పు ఇంకాస్త పెద్దది. "సాధారణంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు పడతాయి, తర్వాత తగ్గుతాయి" అని రాశావు. అది దేశంలో ఎక్కువ భాగానికి సరిపోయే మాట, పాఠ్యపుస్తకంలో చదివింది. తిరుపతి వైపు నైరుతి వానా పడుతుంది, ఈశాన్య వానా పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే మన మీదికీ వస్తుంటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైంది నువ్వూ చూసే ఉంటావు. పెద్ద చోటుకు నిజమైన మాటను చిన్న చోటు మీద పరిస్తే ఇట్లాగే అవుతుంది. సాధారణీకరణల్లో జరిగే తప్పుల్లో ఇదే ఎక్కువ. రాసేవాడికి అబద్ధం ఆడినట్టు అనిపించదు కూడా, ఎందుకంటే ఎక్కడో అది నిజమే.

అదే పేరాలో "సాధారణ వర్షపాతం" అని పత్రికనుంచి ఎత్తుకున్నావు. జాగ్రత్త, అది మామూలు విశేషణం కాదు. వాతావరణశాఖవాళ్ళకు "సాధారణం" ఒక కొలత. దేశం మొత్తానికి నైరుతి కాలంలో 1971 నుంచి 2020 వరకు తీసిన సగటు 87 సెంటీమీటర్లు, అందులో 96 నుంచి 104 శాతం మధ్య కురిస్తే సాధారణం. జిల్లా స్థాయికి వచ్చేసరికి జల్లెడ కళ్ళు పెద్దవి: సగటుకన్నా 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ దాకా సాధారణమే. అంటే వంద సెంటీమీటర్ల సగటున్న చోట 82 పడినా సాధారణం, 118 పడినా సాధారణం. మీ ఊళ్ళో రైతుకు ఆ రెండూ ఒకటేనా? పైగా పడాల్సినదంతా రెండు వారాల్లో పడి మిగతా కాలమంతా ఎండినా కాగితం మీద సాధారణమే. ఆ మాట వాడాలంటే శాఖ మాటగానే వాడు, నీ మాటగా వాడకు.

విశేషణాల్లో "సగటు" ఇంకా మోసకారి. అయిదుగురు రైతులున్నారనుకుందాం. ఇద్దరికి ఎకరా చొప్పున, ఇద్దరికి రెండేసి, ఒకరికి ఇరవై నాలుగు. మొత్తం ముప్ఫై, సగటు ఆరు. ఆరెకరాల రైతు ఆ అయిదుగురిలో ఒక్కడూ లేడు. "సగటు రైతుకు ఆరెకరాలుంది" అని రాస్తే లేని మనిషిని పుట్టించినట్టు. వరసలో నిలబెట్టి నడిమివాడిని చూస్తే రెండెకరాలు. "అయిదుగురిలో నలుగురికి రెండెకరాలకు మించి లేదు" అంటే అందరూ కనబడతారు. ఇంగ్లీషులో "ది యావరేజ్ మాన్" అని ధారాళంగా రాస్తారు, అక్కడా ఇదే రోగం. "సగటు భక్తుడు", "సగటు గృహిణి", "సగటు తెలుగువాడు" అన్న ముగ్గురూ నీ వ్యాసంలో ఉన్నారు. ముగ్గురినీ ఇంటికి పంపించేశాను.

పత్రికల్లో రోజూ కనబడే ఒక తప్పు నీకూ అంటుకుంది: "దాదాపు 200 మందికి పైగా". దాదాపు అంటే దగ్గర దగ్గర, ఇంకా చేరలేదు. పైగా అంటే దాటింది. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయి? ఏదో ఒకటి ఉంచు. "సుమారు 247 మంది" కూడా ఇంతే, ఒకట్ల స్థానం దాకా తెలిసినవాడికి సుమారు ఎందుకు? సుమారు, రమారమి, ఇంచుమించు అనేవి గుండ్రని అంకెలకే.

ఇంకొకటి, "అందరూ రాలేదు". కొందరే వచ్చారనా, ఒక్కరూ రాలేదనా? మాట్లాడేటప్పుడు గొంతు తేల్చేస్తుంది, కాగితానికి గొంతు లేదు. "ఎవరూ రాలేదు" అనో "కొందరు రాలేదు" అనో రాయి. ఈ వాక్యాన్నే మనవాళ్ళు ఇంగ్లీషులోకి యథాతథంగా తీసుకుపోయి "ఆల్ ద స్టూడెంట్స్ డిడ్ నాట్ కమ్" అని అక్కడా తికమక పెడతారు. వాళ్ళైతే "నాట్ ఆల్" అని ముందే మొదలుపెడతారు.

సామెతలూ సాధారణీకరణలే, గమనించావా? వాటికి ఊతమాటలు అస్సలు పడవు. "సాధారణంగా అడగనిదే అమ్మైనా పెట్టదు" అని ఒకసారి పైకి అని చూడు, సామెత చచ్చి ఊరుకుంటుంది.

ఇక నీకు పనికొచ్చే కిటుకు. "ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్" అని ఇంగ్లీషులో అంటారు. మినహాయింపు ఎదురైనా నా మాట చెల్లుతుంది అని గదమాయించడానికి దాన్ని వాడేవాళ్ళు ఎక్కువ. దాని మూలం న్యాయశాస్త్రపు లాటిన్ మాట, అర్థం చాలా తేట. అంగడి ముందు "ఆదివారం సెలవు" అని బోర్డు ఉందనుకో. మిగతా ఆరురోజులూ తెరిచే ఉంటుందని ఆ బోర్డే చెప్పేసింది. "సాధారణంగా తెరిచి ఉండును" అని ఏ అంగడివాడూ రాయడు. మినహాయింపును పేరు పెట్టి చెబితే నియమం తనంతట తాను వినబడుతుంది.

మనకు దీనికి చక్కని మాటలున్నాయి: "తప్ప", "మాత్రం", "మినహా". తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాతం గురించి రాస్తూ "సాధారణంగా ప్రతిరోజూ" అన్నావు. "సాధారణంగా" అంటే అన్ని రోజులూ కాదని, "ప్రతిరోజూ" అంటే అన్ని రోజులూ అని, రెండూ కొట్టుకుంటున్నాయి. నిజమేమిటంటే ధనుర్మాసంలో సుప్రభాతం బదులు తిరుప్పావై ఉంటుంది. కనుక "ధనుర్మాసం తప్ప ఏడాది పొడుగునా" అను. చదివేవాడికి నియమమూ తెలిసింది, మినహాయింపూ తెలిసింది, దానితోపాటు రాసినవాడికి ఈ విషయం తెలుసన్న నమ్మకమూ కలిగింది. స్వామి అలంకారం దగ్గరా అంతే. "గురువారం మాత్రం నగలు తీసి, నామం తగ్గించి కళ్ళు కనబడేలా ఉంచుతారు" అంటే మిగతా రోజుల సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు.

వ్యాసం తిరగరాసేటప్పుడు పందొమ్మిది సున్నాల దగ్గరా ఆగి, ఇది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి విషయంలో నిజం కాదు అని నిన్ను నువ్వే అడుగు. మినహాయింపు తెలిస్తే "తప్ప" పెట్టి దాన్ని రాసెయ్. ఏ మినహాయింపూ లేదని తెలిస్తే మాట కొట్టేసి క్రియకు వదిలెయ్. తెలియకపోతే కలం పక్కన పెట్టి, తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళు, తోటల సంగతైతే మండీకి, వానల సంగతైతే మండలాఫీసులో వర్షమాపకం లెక్కలకు. మూడోరకం సున్నాలే ఎక్కువ తేలతాయి, చూస్తూ ఉండు. ఎక్కడైనా ఒకటి రెండు "సాధారణంగా"లు మిగిలితే మిగలనీ, దాన్ని బొత్తిగా వెలివెయ్యమని నేను అనడం లేదు. సార్ల గురించే చెబుతూ, ఎన్నిసార్లో తేల్చలేని చోట అది మంచి మాటే.

జాతర పేరా ఒక్కటి పూర్తిగా మళ్ళీ రాయాలి. "సాధారణంగా గంగజాతరలో మగవాళ్ళు ఆడవేషాలు వేస్తారు" అన్నావు. వారం రోజుల వరసను ఒక్క ముద్ద చేశావు. బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్ల నామపుసుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గు. వీటిలో ఒక్కటైనా ఆడవేషమా? తర్వాత దొర, ఆ తర్వాత మాతంగి, అప్పుడుగానీ చీర రాదు. రోజువారీగా రాసుకుపో, ఏ రోజు వేషానికి ఒంటికి ఏం పూస్తారో, చేతిలో ఏం పడతారో అన్నీ చేర్చు. అప్పుడు ఆ పేరా నాకు మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
తిరుపతి నుంచి